నిరూపణకూ నాలుగు హద్దులు: ఫార్మల్ మెథడ్స్‌లో కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రోగ్రామును పరీక్షించి చూడడంతో సరిపెట్టుకోకుండా, అది ఏం చేయాలో గణిత భాషలో రాసి (దీన్నే స్పెసిఫికేషన్ అంటారు), రాసినదానికి ప్రోగ్రాము కట్టుబడి ఉందని నిరూపించే పద్ధతులను ఫార్మల్ మెథడ్స్ అంటారు. ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో ఎలా నిరూపించాలన్న ప్రశ్నల కన్నా, నిరూపించిన తరువాత ఆ నిరూపణను ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే, అంటే ఏది ఏ వెర్షన్‌లో ఉందో, ఏది దేనితో సరిపోతుందో లెక్క ఉంచే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్‌కే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా బృందం కోడ్ మొత్తం గిట్‌లో ఉంటుంది. ఇటీవల ఒక ముఖ్యమైన మాడ్యూలుకు స్పెసిఫికేషన్ రాసి, నిరూపణ కూడా చేశాం. ఆ ఫైళ్లనూ గిట్‌లోనే పెట్టాం. ఇక కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ పేరుతో ప్రత్యేకంగా చేయవలసింది ఏముంటుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: గిట్‌లో పెట్టడం అవసరమే కానీ, అక్కడితో సగం పని కూడా పూర్తి కాదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ తయారు చేసిన ఎస్‌సీసీఎస్ మొదలుకొని 2005 నాటి గిట్ వరకు, మనం వాడుతున్న వెర్షన్ కంట్రోల్ సాధనాలన్నీ ఫైలులో ఏ పంక్తి ఎప్పుడు మారిందో చెప్పడానికి పుట్టినవే. ఆ పని అవి చక్కగా చేస్తాయి. నిరూపణ విషయంలో మాత్రం మనకు కావలసిన సమాచారం ఏ ఒక్క ఫైలులోనూ ఉండదు, ఫైళ్ల మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది.

పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజును ఒకసారి గుర్తు చేసుకోండి. దానిలో సర్వే నంబరు, విస్తీర్ణం, తూర్పున ఎవరి భూమి, పడమర ఏ కాలువ అన్న నాలుగు హద్దులు రాసి ఉంటాయి. ఆ తరువాత సర్వే నంబరును ఉపవిభాగాలు చేసి, కాలువను పక్కకు మళ్లించారనుకుందాం. దస్తావేజులో ఒక్క అక్షరమూ చెరగదు, అందులో అబద్ధమూ ఉండదు, కానీ ఇప్పుడు మన కళ్ల ముందున్న భూమి గురించి అది మాట్లాడుతున్నదా లేదా అన్నది మళ్లీ తేల్చుకోవలసిన విషయం అవుతుంది. నిరూపణ కూడా అలాంటి పత్రమే. "ఈ కోడ్ సరైనది" అని అది ఎప్పుడూ చెప్పదు. ఫలానా వెర్షన్ కోడ్, ఫలానా వెర్షన్ స్పెసిఫికేషన్‌కు, ఫలానా ఊహలు నిజమైనంత వరకు కట్టుబడి ఉంటుందని, ఆ సంగతిని ఫలానా సాధనం ఫలానా వెర్షన్ సరిచూసిందని మాత్రమే చెబుతుంది. వీటిలో ఏది మారినా, తిరిగి సరిచూసేంత వరకు ఆ నిరూపణ వర్తిస్తుందని అనుకోకూడదు.

కాబట్టి మీరు లెక్కలో ఉంచుకోవలసిన వస్తువుల జాబితా మీరనుకున్న దాని కన్నా పొడవుగా ఉంటుంది. కోడ్, స్పెసిఫికేషన్, నిరూపణ స్క్రిప్టులతో పాటు మీరు ఆధారపడిన లైబ్రరీలు, నిరూపణ సాధనం, దాని వెనుక తర్క సూత్రాలను స్వయంగా తేల్చే సాల్వర్, వాటికి ఇచ్చిన ఆప్షన్లు, సమయ పరిమితులు, కంపైలర్, హార్డ్‌వేరు గురించి చేసిన ఊహలు, వీటన్నిటికీ వెర్షన్ ఉండాలి. అన్నిటినీ కలిపి "ఇవి ఇలా కలిసినప్పుడు నిరూపణ సరిపోయింది" అని చెప్పే ఒక నమోదు ఉండాలి. మన వృత్తిలో బేస్‌లైన్ అనే మాటకు ఫార్మల్ మెథడ్స్‌లో ఇదే అర్థం.

దీన్ని బాగా చేసి చూపిన ఉదాహరణ ఎస్‌ఈఎల్4 అనే మైక్రోకెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రంగా ఉండే చిన్న భాగం). దాని సి కోడ్ ఒక రిపాజిటరీలో ఉంటుంది, ఇసబెల్ సాధనంలో రాసిన నిరూపణలు ఎల్4వీ అనే మరో రిపాజిటరీలో ఉంటాయి. ఏ కెర్నల్ కమిట్ (నమోదైన వెర్షన్), ఏ నిరూపణ కమిట్, ఏ ఇసబెల్ కమిట్ ఒకదానితో ఒకటి సరిపోతాయో చెప్పే మానిఫెస్ట్ ఫైలు వీటికి వేరుగా ఇంకొక చోట ఉంటుంది. చూడడానికి అది కొద్దిపాటి పంక్తుల ఎక్స్‌ఎమ్‌ఎల్ మాత్రమే. నా దృష్టిలో ఆ ప్రాజెక్టులో నిరూపణ తరువాత అంత విలువైన ఫైలు అదే. మీ బృందం ఇంత పెద్ద ఏర్పాటు చేసుకోనక్కరలేదు. ఒకే రిపాజిటరీలో అన్నీ ఉంచి, సాధనాల వెర్షన్లను ఒక ఫైలులో బిగించి, ప్రతి మార్పుకూ నిరూపణ మొత్తాన్ని మొదటి నుంచి నడిపే ఏర్పాటు ఒకటి పెట్టుకుంటే మొదటి ఏడాదికి చాలు.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ఇద్దరం రెండు బ్రాంచిలలో, అంటే విడి ప్రతులలో, పనిచేశాం. ఇద్దరి నమూనాలూ విడివిడిగా పూర్తిగా నిరూపితమయ్యాయి. వాటిని కలిపి మెర్జ్ చేసినప్పుడు గిట్ ఒక్క ఘర్షణ కూడా చూపలేదు. కానీ నిరూపణ నడిపితే ఆగిపోయింది. ఇది సాధనం లోపమా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సాధనం లోపం కాదండీ, అది తన పని సరిగ్గా చేసిందనడానికి ఇదే సాక్ష్యం. మీ నమూనా మా దగ్గర లేదు కాబట్టి ఒక చిన్న ఉదాహరణతో వివరిస్తాను.

ఆర్టీసీ బస్సులో సీట్ల అమ్మకానికి ఒక నమూనా రాశారనుకుందాం. మొత్తం సీట్లు 40, ఇది స్థిరాంకం. అమ్మిన సీట్లు మొత్తం సీట్లను మించకూడదన్నది ఎప్పుడూ నిలిచి ఉండవలసిన నియమం, అంటే ఇన్వేరియంట్. అమ్మిన సీట్లు మొత్తం కన్నా తక్కువగా ఉంటేనే మరో సీటు అమ్మాలి. ఇంతే నమూనా, దీన్ని నిరూపించడం క్షణం పని.

ఇప్పుడు మొదటి బ్రాంచిలో ఒకరు, బయలుదేరే ముందు బస్సును మార్చే అవకాశం కల్పించారు. మొత్తం సీట్లు అన్నది ఇక స్థిరాంకం కాదు, చరరాశి. కొత్త బస్సులోని సీట్లు ఇప్పటికే అమ్మిన సీట్ల కన్నా తక్కువ కాకూడదన్న షరతు పెట్టారు. నియమం నిలుస్తుంది, నిరూపణ పూర్తయింది. రెండో బ్రాంచిలో మరొకరు, డబ్బు కట్టకుండా కొంతసేపు సీటు పట్టి ఉంచే సౌకర్యం చేర్చారు. అమ్మినవి, పట్టి ఉంచినవి కలిపి మొత్తాన్ని మించకూడదని నియమాన్ని బిగించారు, అమ్మకం షరతునూ అందుకు తగినట్లు మార్చారు. అక్కడ మొత్తం ఇంకా స్థిరాంకమే కనుక ఆ నిరూపణ కూడా పూర్తయింది.

రెండింటినీ కలపండి. ఒకరు కొత్త ఈవెంట్ (స్థితిని మార్చే చర్య) చేర్చారు, మరొకరు నియమాన్ని, మరో ఈవెంట్‌ను మార్చారు. పంక్తులు ఒకదానిపై ఒకటి పడలేదు కాబట్టి గిట్‌కు అభ్యంతరం లేదు. కానీ అమ్మినవి 30, పట్టి ఉంచినవి 5 అయిన స్థితిలో 32 సీట్ల బస్సును తెచ్చి పెట్టామనుకోండి. మొదటి బ్రాంచి షరతు చూసేది అమ్మినవి మాత్రమే కనుక, 32 అనేది 30 కన్నా ఎక్కువే కదా అని ఒప్పుకుంటుంది. రెండో బ్రాంచి నియమం ప్రకారం 35 మంది 32 సీట్లలో పట్టరు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, "బస్సు మార్చినప్పుడు కొత్త నియమం నిలుస్తుందా" అన్న ప్రశ్న, అంటే సాధనం మన ముందు పెట్టే ప్రూఫ్ ఆబ్లిగేషన్, మొదటి బ్రాంచిలోనూ లేదు, రెండో బ్రాంచిలోనూ లేదు, మెర్జ్ చేసిన క్షణంలో కొత్తగా పుట్టింది. ఎవరూ తప్పు చేయకుండానే తప్పు తయారైంది.

అందుకని, రెండు బ్రాంచిల నిరూపణ ఫలితాలను కలిపేసి "రెండూ పచ్చగానే ఉన్నాయి, కలిపినా పచ్చగానే ఉంటుంది" అనుకునే ఏర్పాటు ఏదైనా సరే, దాన్ని తీసివేయండి. మెర్జ్ తరువాతి స్థితిపైన ఆబ్లిగేషన్లన్నిటినీ కొత్తగా పుట్టించి, కొత్తగా సరిచూసిన తరువాతే ప్రధాన బ్రాంచిలోకి రానివ్వండి. మామూలు ప్రోగ్రాములలో కూడా ఇలాంటి అర్థపరమైన ఘర్షణలు వస్తూనే ఉంటాయి. అక్కడ అవి పరీక్షలకు చిక్కకపోతే వినియోగదారుడి దాకా వెళతాయి. మీకు ఇంటి గడప దగ్గరే దొరికింది.

ప్రశ్న: రెండేళ్ల కిందట మా సీనియర్ కాక్ అనే నిరూపణ సాధనంలో చేసిన నిరూపణను నా పరిశోధనకు తీసుకున్నాను. కొత్త వెర్షన్‌లో తెరిస్తే పదో పంక్తిలోనే ఆగిపోతున్నది. అప్పట్లో సరైన నిరూపణ ఇప్పుడు ఎలా తప్పయింది?
– ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: సిద్ధాంతం తప్పు కాలేదు. మీ చేతిలో ఉన్నది నిరూపణ కాదు, నిరూపణను తయారు చేయించే స్క్రిప్టు. "ఈ దశలో ఇది ప్రయత్నించు, ఆ మీద నీకు తోచినట్లు సరళీకరించు" అని సాధనానికి చెప్పే సూచనల వరుస అది. సాధనానికి తోచే తీరు వెర్షన్‌తో పాటు మారుతుంది. స్వయంచాలకంగా పెట్టే హైపాథసిస్ పేర్లు మారతాయి, లైబ్రరీలోని లెమ్మాల (సహాయక సిద్ధాంతాల) పేర్లు మారతాయి, ఆటోమేషన్ ఇదివరకు వెళ్లిన దారిలో ఇప్పుడు వెళ్లదు. అసలు ఆ సాధనం పేరే మారింది: 2025లో వచ్చిన 9.0 విడుదల నుంచి దాన్ని రాక్ అంటున్నారు. కాబట్టి ముందుగా మీ సీనియర్‌ను అడగవలసింది ఆయన వాడిన ఖచ్చితమైన వెర్షన్, లైబ్రరీల వెర్షన్లు. ఓపామ్ అనే ప్యాకేజీ సాధనం ద్వారా పాత వెర్షన్‌ను పక్కన విడిగా స్థాపించి, అందులో నిరూపణ సాగుతున్నదని మొదట నిర్ధారించుకోండి. ఆ తరువాత ఒక్కొక్క వెర్షన్ చొప్పున ముందుకు తీసుకురండి. ఒకేసారి కొత్తదానికి దూకితే, పగిలిన చోట్లలో ఏది దేనివల్ల పగిలిందో తేలదు.

పాతబడిన నిరూపణల విషయంలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. ఒకటి, ఉన్నది ఉన్నట్లు బిగించి దాచడం. లీన్ అనే మరో నిరూపణ సాధనం వాడే ప్రాజెక్టుల్లో సాధనం వెర్షన్ చెప్పే ఫైలు ఒకటి, లైబ్రరీల ఖచ్చితమైన కమిట్లు చెప్పే మానిఫెస్ట్ ఒకటి ఎప్పుడూ వెంట ఉండేది ఇందుకే. రెండోది, అందరూ కలిసి ముందుకు కదలడం. 2004లో మొదలైన ఇసబెల్ వారి నిరూపణల భాండాగారం ఈ పద్ధతిలో నడుస్తున్నది: ఇసబెల్ కొత్త విడుదల వచ్చిన ప్రతిసారీ అందులోని నిరూపణలన్నిటినీ దానికి సరిపడేలా సవరిస్తారు. మొదటిది చవక, కానీ పదేళ్ల తరువాత ఆ పాత సాధనాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమే దొరకకపోవచ్చు. రెండోదానికి నిరంతర శ్రమ కావాలి, ఆ శ్రమ పడేవారు ఉన్నంత కాలం నిరూపణలు బతికి ఉంటాయి. ఒక్కరే చేస్తున్న పరిశోధనకు నేను మొదటిదే సూచిస్తాను, అయితే సమర్పించే రోజున సాధనంతో సహా మొత్తం కంటైనర్‌ను ఒకచోట భద్రపరచండి.

జెడ్3 వంటి ఎస్‌ఎమ్‌టీ సాల్వర్ల మీద ఆధారపడిన డాఫ్నీ, ఎఫ్‌స్టార్ వంటి భాషలు వాడేవారికి ఇంకో బెడద ఉంది. అక్కడ వెర్షన్ మారనక్కరలేదు, సంబంధం లేని చోట ఒక చరరాశి పేరు మార్చినా నిరూపణ జారిపోవచ్చు. సమయ పరిమితిని సెకన్లలో పెడితే మీ ల్యాప్‌టాప్‌లో నెగ్గినది సర్వరులో ఓడిపోతుంది. అందుకే సెకన్లు కాకుండా, సాల్వర్ చేసిన పని మోతాదును లెక్కించే రిసోర్స్ లిమిట్‌ను వాడాలి, యాదృచ్ఛిక ఎంపికలకు ఆరంభ సంఖ్య అయిన సీడ్‌నూ నమోదు చేయాలి. ఈ విషయంలో వై3 సాధనం పద్ధతి నాకు నచ్చుతుంది. ఏ లక్ష్యాన్ని ఏ ప్రూవర్, ఏ వెర్షన్, ఎంత సమయంలో తేల్చిందో అది ఒక సెషన్ ఫైలులో రాసి పెడుతుంది, మూలం మారితే పాత ఫలితాన్ని చెరిపివేయకుండా కాలం చెల్లినదని గుర్తు వేస్తుంది. ఫలితం ఉండడం వేరు, అది ఇప్పటికీ వర్తించడం వేరు అన్న తేడాను సాధనమే పాటిస్తున్నది.

ప్రశ్న: రోడిన్ సాధనంలో, వ్యవస్థను ఈవెంట్ల రూపంలో నమూనాగా రాసే ఈవెంట్-బీ భాషతో ప్రాజెక్టు చేస్తున్నాం. బోలెడన్ని ఫైళ్లు పుట్టుకొస్తున్నాయి. ఏవి భద్రపరచాలి?
– ఒక అధ్యాపకురాలు, కాకినాడ

జవాబు: మీరు రాసిన కాంటెక్స్టులు (స్థిరాంకాల భాగం), మెషిన్లు (చరరాశులు, ఈవెంట్ల భాగం), మీ చేతి శ్రమ ఉన్న నిరూపణ ఫైళ్లు తప్పనిసరిగా భద్రపరచండి. స్టాటిక్ చెకర్ నుంచి, ఆబ్లిగేషన్ జనరేటర్ నుంచి వచ్చేవి మళ్లీ పుట్టించుకోగలిగినవే. వాటిని పెడితే ప్రతి మెర్జ్‌లోనూ అనవసరపు ఘర్షణలు వస్తాయి. రోడిన్ ఫైళ్లన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో ఉంటాయి కాబట్టి గిట్ చూపే తేడాలు మనిషి చదివేలా ఉండవు. నమూనాను పాఠ్యరూపంలో రాసుకునే కామిల్‌ఎక్స్ ప్లగిన్ వాడితే విద్యార్థుల పని సరిచూడడం మీకు చాలా తేలికవుతుంది.

ప్రశ్న: రైల్వే సిగ్నలింగ్ సాఫ్ట్‌వేరు రంగంలో ఉన్నాను. మేము ఫార్మల్ నిరూపణను భద్రతా సాక్ష్యంగా చూపితే, స్వతంత్ర మదింపుదారు నిరూపణ కన్నా సాధనాల గురించే ఎక్కువ ప్రశ్నలు వేశారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాదు

జవాబు: మీకు కష్టం కలిగినా, న్యాయమే. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ తొలి క్షేత్ర ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి కాబట్టి మీ ఊరి నుంచి ఇలాంటి ప్రశ్న రావడంలో ఆశ్చర్యం లేదు. కవచ్‌కు వర్తించిన సిల్-4 అన్నది భద్రతా స్థాయిల్లో అత్యున్నతమైనది. రైల్వే సాఫ్ట్‌వేరుకు చాలాకాలం ప్రామాణికంగా ఉన్న ఈఎన్ 50128 ఆ స్థాయిలో ఫార్మల్ పద్ధతులను గట్టిగా సిఫారసు చేస్తుంది. 2023లో దాని స్థానంలో ఈఎన్ 50716 వచ్చింది.

2011 నాటి ఈఎన్ 50128 సాధనాలను మూడు తరగతులు చేసింది. ఎడిటర్ వంటిది టీ1. తప్పును పట్టుకోవలసిన సాధనం, తాను పొరబడితే తప్పు బయటపడకుండా పోతుంది కానీ కొత్త తప్పు కోడ్‌లో చేరదు, అది టీ2, ప్రూవర్లు ఇందులోకే వస్తాయి. కంపైలర్, కోడ్ జనరేటర్ వంటివి నడిచే కోడ్‌నే తయారు చేస్తాయి కాబట్టి టీ3. విమాన రంగంలో సాఫ్ట్‌వేరు ప్రమాణమైన డీవో-178సీకి అనుబంధంగా వచ్చిన డీవో-333 ఫార్మల్ పద్ధతులకు, డీవో-330 సాధనాల అర్హతకు ఉన్నాయి. ఏ ప్రమాణం తీసుకున్నా మదింపుదారు అడిగేది ఒకటే: ఈ రోజు రైల్లో ఎక్కించబోయే బైనరీ, మీరు చూపుతున్న ఈ నిరూపణ, ఒకే గొలుసులోని కొసలేనా? రిజిస్ట్రేషన్ కార్యాలయంలో లింకు డాక్యుమెంట్లు అడిగినట్లే.

ఈ గొలుసు ఎంత పొడవుగా ఉంటుందో తెలియాలంటే ప్యారిస్ మెట్రో 14వ లైనును చూడండి. 1998 అక్టోబరులో ప్రారంభమైన, డ్రైవరు లేని ఆ లైను భద్రతా సాఫ్ట్‌వేరును మాత్రా సంస్థ జాన్-రేమన్ అబ్రియల్ రూపొందించిన బీ పద్ధతిలో తయారు చేసింది. లక్షకు పైగా పంక్తుల బీ నమూనా నుంచి దాదాపు 86 వేల పంక్తుల ఆడా కోడ్ వచ్చింది. దాదాపు 28 వేల ప్రూఫ్ ఆబ్లిగేషన్లను తీర్చవలసి వచ్చింది. అమూర్త మెషిన్ నుంచి కోడ్ దాకా ప్రతి రిఫైన్‌మెంటూ (నమూనాను కోడ్ వైపు మరింత వివరించే మెట్టు) తన పై దశకు తాను కట్టుబడి ఉన్నానని నిరూపించుకోవాలి. కాబట్టి మధ్యలో ఒక మెషిన్ మారిందంటే కింది దశలన్నీ ప్రశ్నార్థకమవుతాయి. ఏవి ప్రశ్నార్థకమయ్యాయో, ఏవి తిరిగి తేలాయో ఎప్పటికప్పుడు చెప్పగలగడాన్నే స్టేటస్ అకౌంటింగ్ అంటారు. పేరు గుమాస్తా పనిలా ఉన్నా, 28 వేల బాకీల పద్దు అది.

మీ మదింపుదారు అడగకపోయినా మీరే ముందుగా చూపవలసినవి ఇంకో రెండు ఉన్నాయి. మొదటిది, బీ వంటి పద్ధతుల్లో ప్రూవర్‌కు సాయంగా మీ బృందం చేర్చిన సొంత నియమాలు. అందులో ఒక్కటి తప్పుగా ఉన్నా దేన్నైనా నిరూపించేయవచ్చు, కాబట్టి ప్రతి నియమానికీ ఎవరు చేర్చారు, ఎవరు సరిచూశారు అన్న నమోదు ఉండాలి. రెండోది డేటా. సిగ్నలింగులో సాఫ్ట్‌వేరు ఒకటే ఉండి, ప్రతి మార్గానికీ ట్రాకు వివరాలు, వేగ పరిమితులు, దూరాలు వేరుగా ఎక్కిస్తారు. నిరూపణ ఆ డేటా గురించి కొన్ని ఊహలు చేసి ఉంటుంది. ఆ ఊహలను ఎక్కించబోయే అసలు డేటాతో సరిచూడాలి. సీమెన్స్ ఇంజనీర్లు ఈ పనికి ప్రోబీ అనే సాధనాన్ని వాడారు. డేటా ఫైలు కొత్త వెర్షన్ వస్తే కోడ్ మారకపోయినా ఈ సరిచూత మళ్లీ జరగాలి.

ప్రశ్న: ఎస్‌ఈఎల్4ను నిరూపించారని తరగతిలో చెప్పారు. అయితే దాన్ని వాడితే నా పరికరం పూర్తి సురక్షితమని అనుకోవచ్చా? ఒక చిన్న మార్పు చేస్తే నిరూపణ అంతా మళ్లీ చేయాలా?
– ఒక బీటెక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: "నిరూపించారు" అన్న క్రియకు కర్మ ఏమిటో అడగడం అలవాటు చేసుకోండి. 2009లో సిడ్నీలోని నిక్టా పరిశోధకులు ప్రకటించినది సుమారు 8,700 పంక్తుల సి కోడ్‌కు, ఒక నిర్దిష్ట ఆర్మ్ వేదికకు సంబంధించిన నిరూపణ. కంపైలర్, అసెంబ్లీ కోడ్, బూట్ కోడ్, హార్డ్‌వేరు సరిగ్గా ఉన్నాయన్న ఊహలు వారు స్పష్టంగా రాసి పెట్టారు. తరువాతి ఏళ్లలో ఆ ఊహలు కొన్ని తగ్గాయి, వేదికలు పెరిగాయి. ఇప్పటికీ ఆ ప్రాజెక్టు నిరూపిత కాన్ఫిగరేషన్ల జాబితాను వేరుగా ప్రచురిస్తుంది. బిల్డ్ ఆప్షన్లలో అనేక కోర్లను కెర్నల్ పంచుకునే ఎస్‌ఎమ్‌పీ సౌకర్యాన్ని తెరిచారంటే, మీ దగ్గర ఉన్నది ఎస్‌ఈఎల్4 అయినా నిరూపిత ఎస్‌ఈఎల్4 కాదు.

మార్పు ఖర్చు మార్పు పరిమాణాన్ని బట్టి ఉండదు. ఒకచోటికే పరిమితమైన మార్పుల నిరూపణ సులువుగా సర్దుకుంటుంది. కానీ రిప్లై కేపబిలిటీ అనే సౌకర్యాన్ని చేర్చినప్పుడు మారిన కోడ్ మొత్తంలో 5 శాతం కూడా లేదు, తిరిగి నిరూపించడానికి మాత్రం దాదాపు ఒక మనిషి ఏడాది శ్రమ పట్టిందని ఆ బృందమే రాసింది. కొత్త నియమం ఒకటి కెర్నల్ అంతటా నిలుస్తుందని చూపవలసి రావడమే కారణం. కాబట్టి మార్పు ప్రతిపాదన వచ్చినప్పుడు ఎన్ని పంక్తులు అని కాదు, ఎన్ని ఇన్వేరియంట్లను తాకుతుంది అని అడగాలి.

ప్రశ్న: మా కోడ్ మారలేదు, స్పెసిఫికేషన్ మారలేదు, సాధనమూ అదే. కొత్త ఖాతాదారు పరికరంలో వాడబోతున్నాం. మళ్లీ చూడవలసింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఏదీ మారలేదన్నారు, కానీ పరికరం మారిందని మీరే రాశారు. ఫార్మల్ పద్ధతుల్లో చేసిన ప్రాజెక్టు కాకపోయినా, ఈ విషయానికి ఏరియన్ 5ను మించిన ఉదాహరణ లేదు. 1996 జూన్ 4న ఆ రాకెట్ తొలి ప్రయాణంలో 40 సెకన్లకే నాశనమైంది. దిశను లెక్కించే వ్యవస్థలోని సాఫ్ట్‌వేరు ఏరియన్ 4 నుంచి తెచ్చినది. అందులో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట విలువ పట్టక, వ్యవస్థ ఆగిపోయింది. ప్రమాదం ఉందని గుర్తించిన ఏడు చరరాశులలో నాలుగింటికి రక్షణ పెట్టి, మూడింటికి కావాలనే వదిలేశారు, ఎందుకంటే ఏరియన్ 4 ప్రయాణ మార్గంలో ఆ విలువలు అంత పెద్దవి కాలేవు. ఆ తర్కం ఏరియన్ 4 విషయంలో సరైనదే. కానీ ఏరియన్ 5 మార్గం వేరు, దాని అడ్డువేగం (నేలకు సమాంతరంగా ఉండే వేగం) త్వరగా పెరుగుతుంది. ఆ ఊహ ఎక్కడో పత్రాల గుట్టలో ఉంది తప్ప కోడ్ వెంట ప్రయాణించలేదు.

మీ నిరూపణలోని ఊహలన్నిటినీ బయటికి తీసి ఒక పట్టిక వేయండి. రాక్‌లో ఒక సిద్ధాంతం ఏ ఊహలపై ఆధారపడిందో అడిగే ఆదేశం ఉంది, లీన్‌లోనూ ఉంది. పూర్తి కాని భాగాలు కూడా ఇక్కడ బయటపడతాయి. ఇసబెల్‌లోనూ లీన్‌లోనూ నిరూపణ రాయలేనిచోట "సారీ" అని రాస్తే సాధనం తాత్కాలికంగా ఒప్పుకుంటుంది. ఆ మర్యాద విడుదల రోజు వరకు కొనసాగకూడదు. పట్టికలోని ప్రతి ఊహనూ కొత్త పరికరం పత్రాలతో పోల్చి, నిలిచినదానికి ఆధారం రాయండి. నిలవనిది ఒక్కటి దొరికినా అది మార్పు ప్రతిపాదనే, కోడ్‌లో అక్షరం కదలకపోయినా సరే.

ప్రశ్న: మా సంస్థలో డిజైన్ దశలో టీఎల్ఏ ప్లస్ అనే భాషలో స్పెసిఫికేషన్ రాశాం, చాలా ఉపయోగపడింది. ఇప్పుడు కోడ్ ఎక్కడికో వెళ్లింది, స్పెసిఫికేషన్ అక్కడే ఉంది. దాన్ని ఏం చేయమంటారు?
– ఒక ప్రవాస పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ముందుగా, డిజైన్ దశలో అది ఇచ్చిన ప్రయోజనం వృథా కాలేదు. అమెజాన్ ఇంజనీర్లు 2011 నుంచి ఈ భాషను వాడి, తమ డైనమోడీబీ డేటాబేసులో 35 దశల వరుస తరువాత మాత్రమే బయటపడే దోషాన్ని పట్టుకున్నామని రాశారు. అటువంటిది పరీక్షలకు చిక్కడం కష్టం.

కానీ ఇక్కడ కోడ్‌కూ స్పెసిఫికేషన్‌కూ మధ్య నిరూపణ లేదు కాబట్టి, అవి దూరమైనా ఏ సాధనమూ కేక వేయదు. 2020లో మాంగోడీబీ డేటాబేసు ఇంజనీర్లు ఈ దూరాన్ని తగ్గించే రెండు ప్రయత్నాలను ప్రచురించారు. నడుస్తున్న సర్వరు జాడలను స్పెసిఫికేషన్‌తో పోల్చి చూడడం, స్పెసిఫికేషన్ వాస్తవం కన్నా చాలా అమూర్తంగా ఉండడం వల్ల, ఖర్చుకు తగదని తేలింది. స్పెసిఫికేషన్ నుంచే పరీక్షలు పుట్టించి కోడ్‌పై నడపడం మరో చోట ఫలించింది. మీ స్పెసిఫికేషన్ కోడ్‌కు ఎంత దగ్గరగా ఉందన్న దాన్ని బట్టి ఎంచుకోండి.

ఇంకో సంగతి. స్పెసిఫికేషన్‌లో సాధ్యమైన స్థితులన్నిటినీ తిరిగి చూసే టీఎల్‌సీ సాధనానికి స్పెసిఫికేషన్‌తో పాటు ఒక కాన్ఫిగరేషన్ ఫైలు కూడా ఇస్తాం. ఎన్ని సర్వర్లు, ఎన్ని సందేశాలు అన్న హద్దులు అందులోనే ఉంటాయి. స్పెసిఫికేషన్‌ను భద్రపరిచి ఆ ఫైలును ఎవరి కంప్యూటరులోనో వదిలేసిన బృందాలను నేను చూశాను. మూడు సర్వర్లకు సరిచూసిన ఫలితం ఐదు సర్వర్ల గురించి ఏమీ చెప్పదు కాబట్టి, ఆ ఫైలు లేని "సరిచూశాం" అన్న మాటకు కొలత లేదు. రెండింటినీ కోడ్ ఉన్న రిపాజిటరీలోకే తెచ్చి, చిన్న హద్దులతో ప్రతి మార్పుకూ, పెద్ద హద్దులతో రాత్రిపూట నడపండి. అందుకు మనుషులు లేరంటే, కనీసం స్పెసిఫికేషన్ పై పంక్తిలో, ఏ కమిట్ నాటి కోడ్‌తో చివరిసారి పోల్చి చూశారో తేదీతో సహా రాసి పెట్టండి.